ఎమిల్ జోలా జీవితం, రచనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమిల్ జోలా గురించి మన పాఠకుల్లో చాలామందికి తెలిసినవి రెండే విషయాలు: గని కార్మికుల మీద గొప్ప నవల రాశాడు, డ్రేఫస్ అనే సైనికాధికారి కోసం పోరాడాడు. ఈ రెంటికీ చాలాముందు ఆయన 26 ఏళ్ల వయసులో పత్రికలో బొమ్మల మీద విమర్శ రాసి ఊరంతటి చేతా తిట్లు తిన్న కుర్రాడు. స్వయంగా వెళ్లి చూడటం, చూసింది పేర్లు పెట్టి చెప్పడం, వచ్చే దెబ్బ కాచుకోవడం అక్కడే మొదలయ్యాయి. నవలలైనా, డ్రేఫస్ కేసైనా ఆ అలవాటుకు కొనసాగింపే అని నా నమ్మకం. ఈ జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవి.

జోలా ఎవరు? క్లుప్తంగా చెప్పండి.

1840లో పుట్టి 1902లో చనిపోయిన ఫ్రెంచి నవలాకారుడు, విమర్శకుడు, పత్రికా రచయిత. ఒకే కుటుంబంలోని ఐదు తరాల కథను 20 నవలల్లో చెప్పిన ‘రూగోన్-మకార్’ ఆయన ప్రధాన రచన. సహజవాదం, అంటే నేచురలిజం అనే సాహిత్య ధోరణికి పెద్ద దిక్కు.

ఇంటిపేరు ఇటలీది కదా, అసలు ఫ్రెంచివాడేనా?

పుట్టింది పారిస్‌లో, 1840 ఏప్రిల్ 2న. తండ్రి ఫ్రాన్సువా జోలా వెనిస్‌లో పుట్టిన ఇంజినీరు, తల్లి ఎమిలీ ఓబేర్ ఫ్రెంచి మనిషి. దక్షిణాన ఉన్న ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ ఊరికి ఆనకట్ట కట్టి, కాలువ తవ్వి నీళ్లు తేవాలన్నది తండ్రి పథకం. అందుకే పిల్లవాడికి మూడేళ్లప్పుడు కాపురం అక్కడికి మారింది. పని మొదలవుతూనే 1847లో ఆయన నిమోనియాతో చనిపోయాడు. కాలువ కంపెనీలో వాటాల కోసం తల్లి కోర్టుల చుట్టూ తిరిగింది, చేతిలో ఉన్నదంతా కరిగిపోయింది, ఇళ్లు మారిన ప్రతిసారీ ఇంకా చిన్న ఇంట్లోకే చేరారు. ఆ ఆనకట్ట తర్వాత పూర్తయింది, ఇప్పటికీ జోలా పేరుతోనే ఉంది.

తండ్రి విదేశీయుడు కావడంతో జోలాకు ఫ్రెంచి పౌరసత్వం 1862లో గానీ రాలేదు. డ్రేఫస్ గొడవ రోజుల్లో ప్రత్యర్థులు ఈ ఇటలీ సంగతినే మాటిమాటికీ ఎత్తిపొడిచారు.

చదువులో ఫెయిలయ్యాడంటారు, నిజమేనా?

నిజమే. 1858లో తల్లితో పారిస్ చేరి, 1859లో స్కూలు చదువు ముగింపులో రాసే బకలోరేయా పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాడు. ఆ తర్వాత రెండేళ్లు గడవడమే కష్టమైంది. రేవుల్లో కస్టమ్స్ గుమాస్తాగా కొన్నాళ్లు చేసి మానేశాడు. చలికాలంలో పొయ్యి లేని అద్దె గదుల్లో కవిత్వం రాసుకుంటూ గడిపాడు. పేదరికం గురించి తర్వాత ఆయన రాసిన పేజీల్లో ఆకలి అంత వివరంగా ఎందుకుంటుందో ఈ రెండేళ్లను బట్టి తెలుస్తుంది.

మరి రచయిత ఎలా అయ్యాడు?

1862లో అషెత్ అనే పెద్ద ప్రచురణ సంస్థలో ఉద్యోగం దొరికింది. మొదట పుస్తకాలు కట్టలు కట్టే పని, తర్వాత ప్రచార విభాగానికి అధిపతి. పుస్తకం ఎలా అమ్ముడుపోతుంది, సమీక్ష ఎలా పుడుతుంది, ఏ సంపాదకుడికి ఏం కావాలి అన్నవన్నీ లోపలి నుంచి చూశాడు. రాసేది బాగుంటే చాలదు, దాని గురించి నలుగురూ మాట్లాడుకోవాలి అని ఆ వయసులోనే గ్రహించిన రచయితలు తక్కువ. ఉద్యోగం చేస్తూనే 1864లో కథల సంపుటి, 1865లో మొదటి నవల వేశాడు. 1866 జనవరి చివర్లో ఉద్యోగం వదిలేసి కలం మీదే బతకడానికి దిగాడు.

కళా విమర్శకుడిగా ఆయన చేసిందేమిటి?

జోలా గురించి రాసేవాళ్లు చాలామంది ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది.

1866లో ‘లెవెన్‌మాన్’ అనే దినపత్రికలో చేరి, ఆ వసంతంలో ‘సలోన్’ గురించి రాసే పని తీసుకున్నాడు. సలోన్ అంటే పారిస్‌లో జరిగే ప్రభుత్వ చిత్రకళా ప్రదర్శన. అప్పట్లో చిత్రకారుడు నాలుగు డబ్బులు చూడాలంటే తన బొమ్మ ఆ గోడకెక్కాలి. ఎక్కాలా వద్దా అన్నది జ్యూరీ చేతిలో ఉండేది. ఆ ఏడాది ఎదువార్ మానె పంపినవాటిని జ్యూరీ తిప్పి పంపింది. అందులో ఒకటి పిల్లనగ్రోవి ఊదే సైనిక బాలుడి బొమ్మ. వెనక గోడ లేదు, కింద నేల గీత లేదు, వట్టి బూడిద రంగు మీద ఎర్ర ప్యాంటు వేసుకున్న కుర్రాడు నిలబడి ఉంటాడు. జోలా మానె స్టూడియోకి వెళ్లి బొమ్మలు చూశాడు. వచ్చి ముందు జ్యూరీని ఉతికి ఆరేశాడు. సభ్యులు ఎవరు, ఎలా ఎంపికయ్యారు, ఎందుకు కొత్తవాళ్లంటే భయపడతారు అని రాశాడు. తర్వాత మానెకి లూవ్ర్ మ్యూజియంలో చోటు ఖాయమని ప్రకటించాడు. అందరూ నవ్విపోతున్న చిత్రకారుడి గురించి ఆ మాట అనడం అప్పట్లో పిచ్చితనంగా కనిపించింది.

పాఠకులు కోపంతో ఉత్తరాలు రాశారు. సంపాదకుడు తూకం కోసం ఇంకో విమర్శకుణ్ణి పెట్టబోయాడు. జోలా తన వ్యాసాలను మధ్యలోనే ముగించి, వాటిని చిన్న పుస్తకంగా వేసి, బాల్యమిత్రుడు పాల్ సెజాన్‌కి అంకితమిచ్చాడు. అప్పటికి సెజాన్ పేరు ఎవరికీ తెలియదు.

కళాకృతి అంటే ఒక మనిషి స్వభావం గుండా కనబడే సృష్టిలోని ఒక మూల అన్నది ఆయన నిర్వచనం. బొమ్మ అచ్చం ప్రకృతిలా ఉందా అని ఆయన అడగడు, అందులో వేసినవాడు కనబడుతున్నాడా అని అడుగుతాడు. 1868లో మానె కృతజ్ఞతగా జోలా చిత్తరువు వేశాడు. బల్ల మీద పుస్తకాల మధ్య, తన గురించి జోలా రాసిన నీలి అట్ట పుస్తకాన్ని కూడా చిత్రించాడు. ఆ బొమ్మ ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. 1890లో మిత్రులు చందాలు వేసుకుని మానె ‘ఒలింపియా’ను ప్రభుత్వానికి కొనిద్దామంటే జోలా డబ్బివ్వలేదు. మానె తన బలంతోనే లూవ్ర్ చేరాలన్నది ఆయన పట్టుదల. ఆ చిత్రం 1907లో లూవ్ర్ చేరింది. చూడటానికి జోలా లేడు.

ఆయన అంచనాలన్నీ నిజమయ్యాయా?

కాలేదు. సెజాన్ విషయంలో పొరబడ్డాడు. 1896లో ఫిగారో పత్రికలో రాస్తూ, అతన్ని పూర్తిగా వికసించకుండా ఆగిపోయిన గొప్ప చిత్రకారుడిగా లెక్కగట్టాడు. ఇంప్రెషనిస్టులు అనే ఆనాటి కొత్త చిత్రకారుల మీద కూడా చివరికి నిరాశపడ్డాడు. ఆయన కన్ను 1860ల పోరాటానికి సరిపోయింది, తర్వాత చిత్రకళ వెళ్లిన దారిని అందుకోలేకపోయింది.

‘తెరేజ్ రకాన్’ మీద అంత గొడవ ఎందుకైంది?

1867లో వచ్చిన ఆ నవలలో భార్య, ఆమె ప్రియుడు కలిసి భర్తను నదిలో ముంచి చంపుతారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూడలేక కుళ్లిపోతారు. పశ్చాత్తాపాన్ని ఆత్మకు సంబంధించిన సంగతిగా చూపించకుండా, నరాల జబ్బులా వర్ణించాడు. లూయీ ఉల్బాక్ అనే రచయిత మారుపేరుతో ఫిగారోలో దీన్ని ‘కుళ్లిన సాహిత్యం’ అని తిట్టాడు. జోలా రెండో ముద్రణకు రాసిన ముందుమాటలో తాను పాత్రల శీలాన్ని చూడలేదు, వాటి శరీర స్వభావాన్ని చూశాను అని తిరిగి జవాబిచ్చాడు. తిట్టు పుణ్యమా అని పుస్తకం గురించి నలుగురికీ తెలిసింది.

సహజవాదం అంటే ఏమిటి? వాస్తవికవాదానికీ దానికీ తేడా ఏమిటి?

వాస్తవికవాదం సమాజాన్ని ఉన్నదున్నట్టు చూపమంటుంది. సహజవాదం ఇంకో అడుగు వేసి, మనిషి అలా ఎందుకయ్యాడో కారణం వెతకమంటుంది: తాతముత్తాతల నుంచి వచ్చిన రక్తమా, పెరిగిన వీధా, చేసే పనా? జోలా దీనికి వైద్యశాస్త్రం నుంచి బలం తెచ్చుకున్నాడు. వంశపారంపర్యం మీద ప్రోస్పేర్ లూకా గ్రంథం చదివాడు. క్లోద్ బెర్నార్ ప్రయోగాత్మక వైద్యం మీద రాసిన పుస్తకం ఆధారంగా 1880లో ‘ప్రయోగాత్మక నవల’ అన్న వ్యాసం వెలువరించాడు. నవలాకారుడు పాత్రలను ఒక పరిస్థితిలో పెట్టి, ఫలితం గమనించే శాస్త్రవేత్త అని వాదించాడు.

ఈ వాదం నిలబడదు. కాగితం మీది పాత్ర రచయిత చెప్పినట్టే ఆడుతుంది, అది ప్రయోగం ఎలా అవుతుంది? ఆయన ఎంతో గౌరవించిన నవలాకారుడు ఫ్లోబేర్‌కి కూడా ఈ సిద్ధాంతాల గోల నచ్చలేదు. అయితే ఈ సిద్ధాంతమే జోలాను లైబ్రరీ నుంచి బజారుకీ, గనికీ, రైలింజను మీదకీ పంపింది. ఆ మేలు చిన్నది కాదు.

‘రూగోన్-మకార్’ 20 నవలలూ వరసగా చదవాలా?

అక్కర్లేదు. 1871 నుంచి 1893 దాకా వచ్చిన ఈ నవలల్లో ప్రతిదీ విడిగా చదువుకోవచ్చు. అదెలాయిద్ అనే ఒక స్త్రీ సంతానం రెండు శాఖలుగా విడిపోతుంది: పెళ్లి వల్ల పుట్టిన రూగోన్లు, ప్రియుడి వల్ల పుట్టిన మకార్లు. మూడో నెపోలియన్ పాలనలో వీళ్లలో కొందరు మంత్రులవుతారు, కొందరు కూలీలవుతారు, ఒకామె వేశ్య, ఒకడు చిత్రకారుడు, ఒకడు రైలింజను డ్రైవరు. ఒక నవల మార్కెట్ గురించి, ఇంకొకటి షేర్ల గురించి, మరొకటి యుద్ధం గురించి.

డబ్బు, పేరు ఎప్పుడొచ్చాయి?

1877లో పుస్తకంగా వచ్చిన ‘లసొమ్వార్’తో. పారిస్ ఉత్తరాన గూత్ దోర్ పేటలో బట్టలుతికి బతికే జెర్వేజ్ కథ అది. ఆమె సొంతంగా లాండ్రీ షాపు పెడుతుంది. భర్త కూపో ఇళ్ల పైకప్పులు వేసే పనివాడు. పైనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాక పని మీద మనసు పోయి తాగుడికి అలవాటుపడతాడు. జెర్వేజ్ పేరున్న సెయింటు పండుగ నాటి విందు అధ్యాయం ఒక్కటి చదవండి. జెర్వేజ్ అప్పు చేసి మరీ పెద్ద బాతును కాల్పించి వీధి వీధికీ వాసన వచ్చేలా విందు పెడుతుంది. ఆ రాత్రి అందరూ కడుపు పగిలేలా తింటారు, పాడతారు. ఆ ఇంటి పతనం అక్కడి నుంచే మొదలవుతుందని పాఠకుడికి తెలిసిపోతుంది, తింటున్నవాళ్లకు తెలియదు.

పాత్రల సంభాషణల్లోనే కాదు, కథనంలో కూడా పేట జనం మాట్లాడే భాష వాడటం పెద్ద గొడవైంది. కుడిపక్షం వాళ్లు బూతన్నారు, ఎడమపక్షం వాళ్లు కార్మికులను అవమానించాడన్నారు. సీరియల్‌గా వేస్తున్న పత్రిక మధ్యలో ఆపేస్తే ఇంకో పత్రిక అందుకుంది. పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. అప్పటిదాకా నెలకు ఇంత అని ముట్టజెబుతున్న ప్రచురణకర్త జార్జ్ షార్పాంతియే, పాత ఒప్పందాన్ని రద్దు చేసి తనంతట తానే రాయల్టీ లెక్కగట్టి ఇచ్చాడు. ఆ డబ్బుతో జోలా 1878లో సేన్ నది ఒడ్డున మెదాన్ ఊళ్లో 9,000 ఫ్రాంకులకు ఇల్లు కొన్నాడు. 1880లో ‘నానా’ నవల మొదటి ముద్రణే 55,000 కాపీలు.

ఆ ఇంటి చుట్టూ చేరిన కుర్ర రచయితలతో కలిసి 1880లో ‘మెదాన్ సాయంత్రాలు’ అనే కథల పుస్తకం తెచ్చాడు. మొపాసా పేరు మోగించిన ‘బూల్ ద స్విఫ్’ కథ వచ్చింది అందులోనే.

‘జెర్మినాల్’ కోసం నిజంగా గనిలోకి దిగాడా?

దిగాడు. 1884 ఫిబ్రవరిలో ఉత్తర ఫ్రాన్స్‌లోని ఆన్‌జాన్ బొగ్గు గనుల్లో సమ్మె మొదలైంది. అది 56 రోజులు నడిచింది. ఆ ప్రాంత పార్లమెంటు సభ్యుడు ఆల్‌ఫ్రెద్ జియార్ కార్యదర్శినని చెప్పుకుని జోలా అక్కడికి చేరాడు. కార్మికుల ఇళ్లకు వెళ్లాడు, సారా దుకాణాల్లో కూర్చున్నాడు, సమ్మె సభలు విన్నాడు. దెనాన్ దగ్గర ఒక గనిలో తొట్టెలోకి ఎక్కి కిందికి దిగాడు. తడిసిన గోడలు, వంగి నడవాల్సిన సొరంగాలు, పక్కకి పడుకుని బొగ్గు కొట్టే మనుషులు, ఇళ్లలో మంచాలెన్ని, కూలీ ఎంత, సూప్‌లో ఏముంది అన్నీ నోట్సు రాసుకున్నాడు. ఆ నోట్సు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

అక్కడ చూసిన ఒక సంగతి నవల చదివినవాళ్లెవరూ మరిచిపోరు. బొగ్గు బండ్లు లాగే గుర్రాలను వలలో కట్టి గనిలోకి దింపేవారు. దిగినవి ఏళ్ల తరబడి చీకట్లోనే బతికేవి. నవలలో బతాయ్ అనే ముసలి తెల్ల గుర్రం పదేళ్లుగా కిందే ఉంటుంది. కొత్తగా దింపిన త్రోంపెత్ అనే గుర్రాన్ని విప్పగానే బతాయ్ దగ్గరికొచ్చి వాసన చూస్తుంది. దాని ఒంటి మీద ఇంకా ఎండ వాసన, గడ్డి వాసన ఉంటాయి. గని మనుషుల గురించి ఎన్ని ఉపన్యాసాలు దంచినా ఈ అరపేజీకి సాటిరావు.

కథ మాత్రం 1860లలో జరుగుతుంది. 1869లో లా రికమారీలో, ఓబాన్‌లో సమ్మె చేసిన కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపిన ఘటనలు నవలలోని కాల్పులకు ఆధారం. పుస్తకం 1885లో వచ్చింది. దాని నాటక రూపాన్ని ప్రభుత్వం ఆ ఏడాదే నిషేధించింది.

సెజాన్‌తో స్నేహం ఎందుకు చెడింది?

ఎక్స్‌లో స్కూలు రోజుల నుంచి ప్రాణస్నేహితులు. 1886లో జోలా ‘లూవ్ర్’ అనే నవల వేశాడు (మ్యూజియం కాదు, ‘కృతి’ అని అర్థం). అందులో క్లోద్ లాంతియే అనే చిత్రకారుడు అనుకున్న బొమ్మ పూర్తిచేయలేక దాని ముందే ఉరేసుకుంటాడు. సెజాన్ పుస్తకం అందిందని మర్యాదగా ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవని చాలాకాలం చెప్పుకున్నారు. ఈమధ్య 1887 నవంబరు నాటి సెజాన్ ఉత్తరం ఒకటి బయటపడింది. ‘లా తేర్’ నవల పంపినందుకు కృతజ్ఞతలు చెప్పి, వచ్చి కలుస్తానని రాశాడు. కాబట్టి ఒక్క పుస్తకంతో తెగతెంపులైందన్న కథను ఇక నమ్మలేం. నెమ్మదిగా దూరమయ్యారనడమే న్యాయం.

బూతు రచయిత అన్న ముద్ర ఎందుకు పడింది?

1887లో రైతుల మీద రాసిన ‘లా తేర్’ సీరియల్‌గా వస్తుండగానే ఐదుగురు యువ రచయితలు ఫిగారోలో ఆయన్ని తిడుతూ బహిరంగ ప్రకటన ఇచ్చారు. లండన్‌లో ఇంగ్లిషు అనువాదాలు వేసిన హెన్రీ విజెటెల్లీకి 1888లో జరిమానా, 1889లో మూడు నెలల జైలు పడ్డాయి. ఈ నవలల్లో శరీరం ఉంది, హింస ఉంది, అత్యాచారం ఉంది. చదివేవాడు సుఖపడేలా మాత్రం ఎక్కడా లేదు.

కుటుంబం సంగతి?

1870లో అలెగ్జాండ్రీన్ మెలేని పెళ్లాడాడు. పిల్లలు లేరు. 1888లో ఇంట్లో బట్టల పనికి వచ్చిన జాన్ రోజెరో అనే అమ్మాయితో సంబంధం ఏర్పడి, దెనీజ్ (1889), జాక్ (1891) పుట్టారు. 1891లో అలెగ్జాండ్రీన్‌కి తెలిసి ఇల్లు కూలినంత పనైంది. విడిపోలేదు, రెండు ఇళ్ల మధ్య సర్దుకున్నారు. జోలా పోయాక ఆ పిల్లలకు తండ్రి ఇంటిపేరు చట్టబద్ధంగా వచ్చేలా చూసింది అలెగ్జాండ్రీనే. ఈ కథలో అందరికన్నా పెద్ద మనసు ఆమెదే.

డ్రేఫస్ కేసులోకి ఎందుకు దిగాడు? ‘నేను నిందిస్తున్నాను’ లేఖలో ఏముంది?

1894లో ఆల్‌ఫ్రెద్ డ్రేఫస్ అనే యూదు కెప్టెన్‌ను జర్మనీకి రహస్యాలు అమ్మాడని సైనిక కోర్టు శిక్షించి డెవిల్స్ ద్వీపానికి పంపింది. అసలు దోషి మేజర్ ఎస్తర్‌హాజీ అని 1896లో కర్నల్ పికార్ కనిపెట్టాడు. పైవాళ్లు పికార్‌నే బదిలీ చేశారు. అదే ఏడాది, ఈ కేసులోకి రాకముందే, యూదుల మీద ద్వేషాన్ని ఖండిస్తూ జోలా వ్యాసం రాశాడు. 1897 చివర్లో కేసు వివరాలు విన్నాక ఫిగారోలో రాయడం మొదలుపెట్టాడు. ‘సత్యం బయలుదేరింది, దాన్ని ఏదీ ఆపలేదు’ అన్న మాట అప్పటిదే. పాఠకుల ఒత్తిడికి ఆ పత్రిక వెనక్కి తగ్గింది. 1866 నాటి కథే మళ్లీ జరిగింది!

1898 జనవరి 11న సైనిక కోర్టు ఎస్తర్‌హాజీని నిర్దోషిగా వదిలేసింది. 13న ‘లోరోర్’ పత్రిక మొదటి పేజీ నిండా అధ్యక్షుడు ఫెలిక్స్ ఫోర్‌కి జోలా బహిరంగ లేఖ వచ్చింది. ‘నేను నిందిస్తున్నాను’ అన్న శీర్షిక పెట్టింది పత్రికలో ఉన్న క్లెమాన్సో. సాధారణంగా వేసేదానికి ఎన్నో రెట్లు కాపీలు వేశారు. చివర్లో జనరళ్లనూ, చేతిరాత నిపుణులనూ పేరుపేరునా నిందిస్తూ వెళ్లి, ఆఖరున తాను 1881 పత్రికా చట్టంలోని 30, 31 సెక్షన్ల కిందికి వస్తానని తెలిసే రాస్తున్నానని, తన మీద కేసు పెట్టమని అడిగాడు. మూసిన తలుపుల వెనక నడిచిన విచారణను బహిరంగ కోర్టులోకి లాగడానికి ఆయనకు కనబడిన దారి తానే ముద్దాయి కావడం. అప్పటికి 57 ఏళ్లు, డబ్బుంది, పేరుంది, పోగొట్టుకోవడానికి చాలానే ఉంది.

శిక్ష పడిందా?

పడింది. ఏడాది జైలు, 3,000 ఫ్రాంకుల జరిమానా. కోర్టు బయట గుంపులు చంపుతామని అరిచేవి. పై కోర్టు తీర్పు కొట్టేశాక జులైలో వెర్సాయ్‌లో మళ్లీ విచారణ పెట్టారు. ఆ సాయంత్రమే లాయర్ల సలహాతో లండన్ వెళ్లిపోయాడు. ఇంగ్లిషు రాదు. మారుపేర్లతో సుమారు 11 నెలలు గడిపాడు. 1898 ఆగస్టులో, డ్రేఫస్‌కు వ్యతిరేకంగా చూపిన పత్రం కర్నల్ ఆన్రీ చేసిన ఫోర్జరీ అని తేలింది, అతను ఆత్మహత్య చేసుకున్నాడు. 1899 జూన్‌లో జోలా తిరిగొచ్చాడు. డ్రేఫస్‌కు క్షమాభిక్ష 1899లో, పూర్తి నిర్దోషిత్వం 1906లో దక్కాయి. ఆ తీర్పు వినడానికి జోలా మిగల్లేదు.

అకాడెమీ, నోబెల్ వచ్చాయా?

ఫ్రెంచి భాషా సాహిత్యాలకు పెద్ద సంస్థ అయిన ఫ్రెంచి అకాడెమీలో సభ్యత్వానికి మళ్లీ మళ్లీ పోటీచేసి ఎప్పుడూ నెగ్గలేదు. నోబెల్‌కు 1901, 1902లో ప్రతిపాదించారు, రాలేదు.

ఆయనది హత్యా?

1902 సెప్టెంబరు 28 రాత్రి భార్యాభర్తలు మెదాన్ నుంచి పారిస్ ఇంటికొచ్చారు. పడకగదిలో చలికి పొయ్యి రాజేశారు. రాత్రి ఇద్దరికీ ఒంట్లో బాగోలేదు. పనివాళ్లను లేపుదామంటే జోలా వద్దన్నాడు. పొద్దున తలుపు తీసేసరికి ఆయన నేల మీద చనిపోయి ఉన్నాడు, అలెగ్జాండ్రీన్ కొనఊపిరితో బయటపడింది. కారణం కార్బన్ మోనాక్సైడ్, పొగ గొట్టం సరిగా లేని పొయ్యి నుంచి గదిలో నిండే విష వాయువు. అధికారికంగా ప్రమాదమే. అయితే చిమ్నీ పని చేసిన ఒకడు కావాలనే గొట్టం మూశానని చెప్పాడని 1953లో ఒక పారిస్ పత్రిక రాసింది. రుజువు చేయడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి హత్య అని తేల్చి చెప్పలేం. ఆ రోజుల్లో ఆయన మీద ఉన్న ద్వేషం చూస్తే అసాధ్యమని కొట్టిపారేయనూ లేం.

అక్టోబరు 5న అంత్యక్రియల్లో గని కార్మికులు ‘జెర్మినాల్! జెర్మినాల్!’ అంటూ నడిచారు. 1908 జూన్‌లో అవశేషాలను ఫ్రాన్స్ మహనీయుల సమాధి మందిరమైన పాంథియోన్‌కు మార్చి విక్టర్ హ్యూగో పక్కన ఉంచారు. ఆ వేడుకలోనే ఒక పత్రికా రచయిత డ్రేఫస్ మీద కాల్పులు జరిపి చేతికి గాయం చేశాడు. కోర్టు అతణ్ణి వదిలేసింది.

మెదాన్ ఇల్లు చూడొచ్చా?

చూడొచ్చు, మ్యూజియంగా ఉంది. 2021లో అక్కడే డ్రేఫస్ మ్యూజియం కూడా తెరిచారు. జోలా తీసిన ఫొటోల గురించి కూడా అక్కడ వాకబు చేయండి. చివరి ఏళ్లలో ఆయనకు కెమెరా అంటే పిచ్చి, వేల ప్లేట్లు తీశాడు.

ఏ నవలతో మొదలుపెట్టాలి? ఏ అనువాదం?

సింగరేణి వైపు పెరిగినవాళ్లయితే ‘జెర్మినాల్’తో మొదలుపెట్టండి. షిఫ్టు, సమ్మె, యూనియన్ తగాదాలు మీకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. షాపింగ్ మాల్స్ చిన్న కొట్లను ఎలా మింగేస్తాయో చూడాలంటే ‘ఓ బొనేర్ దే దామ్’ (1883). ఒక మనిషి పతనాన్ని దగ్గర నుంచి చూసే ధైర్యముంటే ‘లసొమ్వార్’, నా ఓటు దీనికే. చిన్నది కావాలంటే ‘తెరేజ్ రకాన్’.

ఇంగ్లిషులో చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే విజెటెల్లీ కాలం నాటి అనువాదాల్లో చాలావాటిని జైలు భయంతో కత్తిరించి, నీళ్లు కలిపి వేశారు. అవి చదివి జోలా చప్పగా ఉన్నాడనుకోవద్దు. ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్, పెంగ్విన్ వాళ్ల కొత్త అనువాదాలు తీసుకోండి. ఆక్స్‌ఫర్డ్ వరసలో ఇప్పుడు 20 నవలలూ ఉన్నాయి. ఫ్రెంచి వచ్చినవాళ్లకు మూలం ఎలాగూ ఉచితమే, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది.